లిఫ్టులున్న మేడ, మెట్లు లేని సమాజం

1920 జనవరి 31న వెలువడిన 'మూక్‌నాయక్' తొలి సంచికలో బాబాసాహెబ్ అంబేడ్కర్ హిందూ సమాజాన్ని ఒక మేడతో పోల్చారు. ఆ మేడకు చాలా అంతస్తులున్నాయి గానీ ఒకదాని నుంచి ఇంకోదానికి పోవడానికి మెట్లు లేవు. ఎవరు ఏ అంతస్తులో పుడితే వాళ్ల బతుకూ చావూ అక్కడే. ఈ పోలికను మనం సభల్లో, క్లాసుల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. దాదాపు 104 ఏళ్ల తర్వాత, 2023 డిసెంబర్ 17న, ప్రధాని నరేంద్ర మోదీ సూరత్ శివారు ఖజోద్‌లో ఒక నిజమైన మేడను ప్రారంభించారు. దానికి లిఫ్టులే 131 ఉన్నాయి. ఆ లిఫ్టుల్లో పైకి పోయేది ఎవరు, కిందనే ఉండిపోయేది ఎవరు అన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క అడగడమే ఈ వ్యాసం పని.

ఆ మేడ పేరు సూరత్ డైమండ్ బోర్స్. ఒక్కొక్కటి 15 అంతస్తుల చొప్పున తొమ్మిది టవర్లు, వాటన్నిటినీ కలుపుతూ మధ్యలో వెన్నెముక లాంటి పొడవాటి నడవా. మొత్తం సుమారు 67 లక్షల చదరపు అడుగుల నిర్మాణం, నాలుగు వేలకు పైగా ఆఫీసులు, దాదాపు 3,400 కోట్ల రూపాయల ఖర్చు. 1943లో పూర్తయిన అమెరికా పెంటగాన్‌కు ఎనభై ఏళ్లుగా ఉన్న 'ప్రపంచంలో అతిపెద్ద ఆఫీసు భవనం' అన్న బిరుదును ఇది లాక్కుంది. పత్రికలు, టీవీలు మనకు చెప్పిన చరిత్ర ఇంతవరకే: చదరపు అడుగులు, కోట్లు, రికార్డు.

లాటరీలో దొరికిన సమానత్వం

ఈ మేడను గీసిన ఢిల్లీ సంస్థ మార్ఫోజెనిసిస్ దీని గురించి ఒక మాట గర్వంగా చెప్పుకుంది. ఏ గేటు దగ్గర అడుగుపెట్టినా ఏడు నిమిషాలు దాటకుండా ఏ ఆఫీసుకైనా చేరొచ్చట. చిన్న వ్యాపారి, పెద్ద వ్యాపారి అన్న తేడా రాకుండా అందరికీ ఒకే తీరు సౌకర్యం ఉండాలన్నది ఉద్దేశమట. ఆఫీసులను కూడా లాటరీ వేసి పంచారు. ఎవరికి ఏ టవర్, ఏ అంతస్తు అన్నది చీటీ తేల్చింది.

ఇందులో నాకు తప్పేమీ కనబడదు. నిజానికి మంచి ఆలోచనే. నా ప్రశ్న ఆ చీటీల డబ్బా గురించి. అందులో పేరు పడాలంటే ముందు వజ్రాల వ్యాపారి అయ్యుండాలి. వ్యాపారి కావాలంటే ఆ వ్యాపారం చేసే కుటుంబాల్లో, ఊళ్లలో, కులాల్లో పుట్టి ఉండాలి. డబ్బా లోపల సమానత్వం ఉంది. డబ్బాలోకి రావడానికి దారి లేదు. యజమానులు తమలో తాము సమానంగా పంచుకుంటే దానికి ప్రజాస్వామ్యం అని పేరు పెట్టడం ఈ దేశానికి పాత అలవాటు. అగ్రహారంలో కూడా లోపలివాళ్లంతా ఒకే పంక్తిలో కూర్చునే భోంచేసేవాళ్లు.

వడోద్ నుంచి చూస్తే

నేను ఇది రాస్తున్నది వడోద్ నుంచి. బమ్రోలీ, పాండెసరా పక్కనే ఉన్న పాత ఊరు ఇది, ఇప్పుడు సూరత్ నగరంలో భాగం. ఖజోద్ ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరం. వలస నేత కార్మికుల మీద నా పీహెచ్‌డీ కోసం ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. చుట్టూ మరమగ్గాల షెడ్లు, కొంచెం అవతల అద్దకం మిల్లుల పొగగొట్టాలు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సూరత్‌లో ఒడియా కార్మికుడి నోట కూడా అదే మాట వినబడుతుంది. గంజాం నుంచి వచ్చినవాళ్లు, మహారాష్ట్ర నుంచి, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లందరి మధ్య మన తెలుగువాళ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు తరాలుగా ఈ నగరానికి వస్తున్నారు. లింబాయత్ లాంటి పేటల్లో స్థిరపడ్డారు. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు. మీటర్ల లెక్కన కూలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. ఇళ్లలో ఆడవాళ్లు చీరల దారాలు కత్తిరిస్తారు, చీరల మీద మెరిసే గాజు రాళ్లు అతికిస్తారు. చీరకు ఇంత అని ఇస్తారు. ఆ పని చేసేవాళ్లను ప్రభుత్వం కార్మికులుగా లెక్కపెట్టదు, వ్యాపారులు గుర్తించరు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అలా రాళ్లు అతికిస్తుంటే అడిగాను: "పెద్దమ్మా, ఖజోద్ కాడ పెద్ద బిల్డింగు కట్టిండ్రు గదా, అండ్ల మనోళ్లు ఎవలన్న పనిజేస్తున్నరా?" ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది: "కట్టేటప్పుడు కూలికి పోయిండ్రు బిడ్డా. కట్టినంక ఆడ మనకేం పని? ఆడ గూడ రాళ్లే, ఈడ గూడ రాళ్లే. వాళ్ల రాళ్లకు సాఫు గది గావాలె, మన రాళ్లకు ఈ అరుగు సాలు."

నా పరిశోధనలో నేను నలభై పేజీల్లో చెప్పాలని చూస్తున్నది ఆమె రెండు ముక్కల్లో చెప్పింది.

ఎవరి భూమి, ఎవరి సొమ్ము?

'వాళ్ల డబ్బుతో వాళ్లు కట్టుకున్నారు, మీకేం?' అనే మాట వెంటనే వస్తుంది. డబ్బు వ్యాపారులు పెట్టుకున్నది నిజమే. స్థలం వాళ్లకు ఊరికే వచ్చిందని కూడా నేను అనడం లేదు. కానీ ఈ మేడ నిలబడ్డది డ్రీమ్ సిటీలో. అంటే డైమండ్ రీసెర్చ్ అండ్ మర్కంటైల్ సిటీ. గుజరాత్ ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టి ఇక్కడ వ్యాపార నగరాన్ని తలపెట్టింది. సూరత్ మెట్రో మొదటి కారిడార్ సర్థానా దగ్గర మొదలై సరిగ్గా ఈ డ్రీమ్ సిటీ దగ్గర ఆగుతుంది. ప్రధాని బోర్స్‌ను ప్రారంభించిన రోజే సూరత్ విమానాశ్రయం కొత్త టెర్మినల్‌ను కూడా ప్రారంభించారు. భవనం లోపల కస్టమ్స్ విభాగానికి చోటు ఇచ్చారు. మెట్రో, విమానాశ్రయం, రోడ్లు, కస్టమ్స్ అన్నీ ప్రజల సొమ్ముతో నడిచేవి. అందులో వడోద్ పెద్దమ్మ కొనే ప్రతి సబ్బు మీద కట్టిన పన్ను కూడా ఉంది. ప్రజల సొమ్ము మేడ గుమ్మం దాకా వచ్చింది. రాజ్యాంగం మాత్రం గుమ్మం బయటే ఉండాలంటున్నారు.

ఖజోద్ అన్న పేరు వజ్రాల కంటే ముందు సూరత్‌కు ఇంకో కారణంతో తెలుసు. నగరం చెత్తనంతా ఏళ్ల తరబడి తీసుకొచ్చి పోసింది ఖజోద్‌లోనే. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షలాది మంది ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రం చేయించారని, దేశంలోనే పరిశుభ్రమైన నగరాల సరసన నిలబెట్టారని పాలనాశాస్త్రం క్లాసుల్లో ఇప్పటికీ పాఠం చెబుతారు. ఆయన పని చేశారు, కాదనను. కానీ ఆ పాఠంలో చీపురు పట్టినవాళ్ల పేరు లేదు. పారిపోలేని ఉద్యోగం వాళ్లది. ఆ ఉద్యోగం ఈ దేశంలో ఏ కులాలకు 'రిజర్వు' అయి ఉందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరి చెత్త ఒక వైపు, ప్రపంచంలో అతిపెద్ద ఆఫీసు ఇంకో వైపు: రెండూ ఒకే ఖజోద్. మొదటి చోట నూటికి నూరు శాతం రిజర్వేషన్ మీద ఎవరూ ఎన్నడూ మెరిట్ గురించి మాట్లాడలేదు.

చరిత్రలోకి రాళ్లతో వచ్చినవాళ్లు

ఈ మేడ చరిత్రలో దీన్ని కట్టిన మనుషులు ఒకే ఒక్కసారి వార్తల్లోకి వచ్చారు. అది 2020 ఏప్రిల్ 28. దేశమంతా లాక్‌డౌన్. అందరూ ఇళ్లలో ఉండాలన్నారు. ఖజోద్‌లో బోర్స్ కడుతున్న వలస కూలీలు వందల సంఖ్యలో రోడ్డు మీదికి వచ్చారు. లాక్‌డౌన్‌లో కూడా మాతో పని చేయిస్తున్నారు, మమ్మల్ని ఇళ్లకు పంపండి అని అరిచారు. రాళ్లు విసిరారు. సైటు ఆఫీసును ధ్వంసం చేశారు. అదే నెలలో లస్కానాలో మగ్గాల కార్మికులు కూడా ఇంటికి పంపమంటూ వీధుల్లోకి వచ్చారు.

పత్రికలు దాన్ని శాంతిభద్రతల వార్తగా రాశాయి. నా లెక్కలో ఆ మేడ అసలు ప్రారంభోత్సవం ఆ రోజే జరిగింది. కట్టినవాళ్లు తమ గొంతుతో మాట్లాడిన రోజు అదొక్కటే. ఇప్పుడా భవనంలో ఎక్కడైనా వాళ్ల పేర్లు చెక్కిన ఒక పలక ఉంటే నాకు చూపించండి.

సూరత్‌లో పొద్దున్నే కూలీల అడ్డాల మీద నిలబడేవాళ్లలో దాహోద్, పంచమహల్ వైపు నుంచి వచ్చిన భిల్లు ఆదివాసీలు ఎక్కువ. కుటుంబాలతో వస్తారు, ఖాళీ స్థలాల్లో పరదాలు కట్టుకుని ఉంటారు, భవనం పూర్తికాగానే ఇంకో పునాదికి పోతారు. మన పాలమూరు లేబర్ కథే ఇది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి కట్టాల్సి ఉండేది. 3,400 కోట్లనూ నిర్మాణ వ్యయంగా లెక్కేస్తే అది 34 కోట్లు. అందులో ఎంత ఈ మేడ కట్టిన చేతులకు చేరిందో చెప్పే ఒక్క కాగితం ప్రజల ముందు పెట్టాలని అడుగుతున్నాను.

'నమ్మకం' అనే కులం

వజ్రాల వ్యాపారం నమ్మకం మీద నడుస్తుందంటారు. కోట్ల విలువైన రాళ్ల పొట్లం రసీదు లేకుండా చేతులు మారుతుంది. మాటే పత్రం. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. కానీ ఆ మాట ఎందుకు చెల్లుతుంది? మాట తప్పితే పెళ్లి సంబంధాలు దొరకవు, ఊళ్లో తలెత్తుకోలేరు, బంధుత్వం తెగిపోతుంది. అంటే పూచీకత్తు కులమే. అర్థశాస్త్రవేత్త కైవన్ మున్షీ ఈ వ్యాపారం మీద చేసిన అధ్యయనం ఈ విషయాన్నే చూపిస్తుంది. మొదట పాలన్‌పురీల చేతిలో ఉన్న వ్యాపారంలోకి కఠియావాడీలు సానపట్టే కార్మికులుగా వచ్చి, తమ సామాజికవర్గ బలంతో యజమానులుగా ఎదిగారు. వ్యవసాయం నుంచి వచ్చినవాళ్లు ఒక తరంలో ఎగుమతిదారులయ్యారు. అది వాళ్ల కష్టం, దాన్ని తక్కువ చేయను. అయితే ఆ నిచ్చెన వాళ్ల కులం లోపలే వేసుకున్న నిచ్చెన. పక్క కులంవాడికి అది అందదు. యూనివర్సిటీలో దీన్ని 'సామాజిక పెట్టుబడి' అని నేర్పుతారు. మన పేటల్లో దీన్ని కులం అంటారు.

ఇదే గుజరాత్ 1981లో, 1985లో రిజర్వేషన్లకు వ్యతిరేకంగా ఆధిపత్య కులాలు రగిలించిన హింసను చూసింది. మెడికల్ పీజీలో దళితులకు దక్కే కొద్దిపాటి సీట్ల మీద 1981లో దళిత వాడలు కాలాయి. 2015లో పాటీదార్లు తమకూ రిజర్వేషన్ కావాలని లక్షల మందితో కదిలారు. సూరత్ వరాఛా ఆ ఉద్యమానికి ఒక కేంద్రం. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ ఆధిపత్య కులాల పేదలకు పది శాతం ఇచ్చింది, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చూడండి, రిజర్వేషన్ అంటే మెరిట్‌కు చేటు అన్నవాళ్ల నోట ఆ మాట ఎంత తొందరగా మాయమైందో.

1928 నాటి ప్రశ్న

1928లో బొంబాయి మిల్లు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అప్పుడు బాబాసాహెబ్ సమ్మె నాయకులను ఒక ప్రశ్న అడిగారు. ఎక్కువ కూలి వచ్చే నేత విభాగంలోకి అంటరానివాళ్లను ఎందుకు రానివ్వరు? నాడెలోకి దారం నోటితో పీల్చి ఎక్కించాలి. అంటరానివాడి నోరు తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. కాబట్టి తక్కువ కూలి ఉండే విభాగాలే వాళ్లకు మిగిలాయి. కార్మికులంతా ఒక్కటే అన్నవాళ్లకు బాబాసాహెబ్ గుర్తుచేసింది ఇదే: ఒకే మిల్లు కప్పు కింద, ఒకే వర్గం లోపల కూడా కులం గదులు కడుతుంది.

ఆ ప్రశ్న ఇప్పుడు మేడకు వేయాలి. అప్పుడు 'ఏ విభాగంలో?' అని అడిగారు, మనం 'ఏ అంతస్తులో?' అని అడగాలి. తెలుగులో అంతస్తు అన్న ఒక్క మాటే మేడకూ వాడతాం, మనిషి హోదాకూ వాడతాం. మన భాష దాచిపెట్టని విషయాన్ని మన కంపెనీలు దాచిపెడుతున్నాయి.

గుజరాత్‌లో ఆఫీసు అన్నది బాబాసాహెబ్‌కు అనుభవంలో ఉన్న విషయం. 1917లో కొలంబియా, లండన్ చదువులతో వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరేసేవాళ్లు. ఉండడానికి గది దొరకలేదు. పార్సీల సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. నూరేళ్లు దాటాక సూరత్‌లో నేను గది కోసం తిరిగినప్పుడు ఎవరూ కర్ర పట్టుకోలేదు. ఇంటిపేరు అడిగారు, మాంసం తింటారా అని అడిగారు, రేపు ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ రాలేదు. వడోద్‌లో గది ఇచ్చింది కూడా ఒక వలస కుటుంబమే. ఇక్కడి మన తెలుగువాళ్లు కూడా "మీరే కులపోళ్లు బిడ్డా?" అని అడిగాకే మంచినీళ్లు ఇచ్చిన సందర్భాలున్నాయి. నిచ్చెనమెట్ల అసమానత అంటే ఇదే. కింది మెట్టు మీదున్నవాడు కూడా తన కిందెవరున్నారో చూసుకుంటాడు. ఆ చూపు మారనంతకాలం పై మెట్టువాడికి ఢోకా లేదు.

మేడ ఖాళీ అయితే ఎవరికి నష్టం?

ప్రారంభమైన కొద్ది వారాలకే మేడ కథ తిరగబడింది. ముంబయి నుంచి వ్యాపారం మొత్తం ఇక్కడికి మార్చిన ఒక అతిపెద్ద సంస్థ 2024 జనవరిలో తిరిగి ముంబయి బాట పట్టింది. ఆ సంస్థ అధిపతే బోర్స్ చైర్మన్. ఆయన పదవి వదిలారు, ఇంకో పెద్ద వ్యాపారి గోవింద్ ధోలాకియా ఆ బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది ఆయన బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. పైన మాత్రం లిఫ్టులు బాగానే పనిచేస్తున్నాయి.

కింద ఏం జరిగింది? ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా వజ్రాల మీద ఆంక్షలు, అమెరికా, చైనాల్లో పడిపోయిన గిరాకీ, ప్రయోగశాల వజ్రాల పోటీ. ప్రపంచంలో పదింట తొమ్మిది వజ్రాలకు సానపట్టే నగరంలో కార్ఖానాలు పని గంటలు తగ్గించాయి, సెలవులు పొడిగించాయి. 2024 జూలైలో గుజరాత్ డైమండ్ వర్కర్స్ యూనియన్ ఆత్మహత్యలను ఆపడానికి హెల్ప్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. యజమానికి ఖజోద్‌లో ఆఫీసు కుదరకపోతే ముంబయిలో ఉంది. సాన చక్రం ముందు కూర్చున్న కార్మికుడికి ఇంకో నగరం లేదు.

మనం ఏం అడగాలి?

ఇది గుజరాత్ గోల అని పక్కన పెట్టొద్దు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు మనకూ ఇదే కథ చెప్పారు. ఊరి చివరి రాళ్ల గుట్టల్లో పది అంతస్తుల భవనం, ప్రభుత్వ భాగస్వామ్యం, ఇక అందరికీ అవకాశం అని. పాతికేళ్లు దాటింది. ఆ భవనంలో, దాని చుట్టూ మొలిచిన వందల టవర్లలో ఎస్సీలు ఎంతమంది, ఎస్టీలు ఎంతమంది, మేనేజర్ హోదాలో ఎంతమంది, హౌస్ కీపింగ్‌లో ఎంతమంది? ఏ ప్రభుత్వమూ ఆ లెక్క మన ముందు పెట్టలేదు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో కంపెనీలకు పంపి చూశారు. దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ప్రైవేటు రంగానికి అప్పట్లో చట్టం బదులు స్వచ్ఛంద నియమావళి చాలన్నారు. స్వచ్ఛందంగా ఎవరు అంతస్తు దిగి వచ్చారు?

'ప్రైవేటు సంస్థల నియామకాల్లో రాజ్యం వేలు పెట్టకూడదు' అనేవాళ్లకు ఒక ఉదాహరణ. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా అలాంటిదే చేస్తే 2023లో హైకోర్టు కొట్టేసింది. ఆ చట్టాల మంచిచెడ్డలు వేరే చర్చ. స్థానికత పేరుతో కంపెనీ గుమ్మం దాటగలిగిన శాసనసభకు కులం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఎందుకు వణుకుతాయి?

వజ్రాల పుట్టిల్లు లాంటి దక్షిణాఫ్రికాను చూడండి. అక్కడి గనుల్లో నల్లవాళ్లకు ఫలానా పనులే అని చట్టమే గీత గీసింది. వర్ణవివక్ష పోయాక, 1998లో ఉపాధి సమానత్వ చట్టం తెచ్చారు. పెద్ద యజమానులు ఏ స్థాయి ఉద్యోగంలో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. అమెరికాలో కూడా వందమంది దాటిన కంపెనీ ఏటా ఇలాంటి లెక్క ఇస్తుంది. దాంతో వివక్ష పోలేదు, నిజమే. కానీ అబద్ధం చెప్పడం కష్టమైంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ రాయితీ, ప్రభుత్వ మెట్రో వాడుకునే ప్రతి వాణిజ్య సముదాయం అంతస్తుల వారీగా, హోదాల వారీగా, కులాల వారీగా ఉద్యోగుల లెక్క ఏటా బయటపెట్టాలి. కాంట్రాక్టు పేరుతో దాచేసిన సఫాయి, సెక్యూరిటీ కార్మికులు కూడా అందులో ఉండాలి. ఆ లెక్క ఆధారంగా ప్రైవేటు రంగ రిజర్వేషన్ల చట్టం రావాలి. తెలంగాణ 2024లో ఇంటింటికీ తిరిగి కులాల లెక్క తీసింది. రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ఒప్పుకుంది. ఇళ్లలో లెక్కపెట్టడం సగం పనే. కులం ఇంట్లో పుట్టి ఆఫీసులో జీతం తీసుకుంటుంది. లెక్క అక్కడ కూడా జరగాలి.

పరిశోధక మిత్రులకు ఒక మాట. ఈ టవర్ల గాజు గురించి, నగరీకరణ గురించి మనం చాలా థీసిస్‌లు రాశాం. ఏ అంతస్తులో ఎవరున్నారో రాసినవి ఎన్ని? మీ ఊళ్లో, మీ యూనివర్సిటీ పక్కన లేచిన ఆఫీసు టవర్ దగ్గరికి పోండి. పొద్దున ఆరుకు గేటు లోపలికి పోయేవాళ్ల పేర్లు రాయండి, పదింటికి పోయేవాళ్ల పేర్లు రాయండి. లిఫ్టు ఎవరిని ఎక్కడ దింపుతుందో రాయండి. మెట్లు లేని మేడ అని బాబాసాహెబ్ 1920లో చెప్పారు. ఇప్పుడు ఆ మేడ తలుపు మీద కొట్టి లెక్క చెప్పమని అడగాల్సింది మనమే.

జై భీమ్.